పురుగుల డాక్టరమ్మ

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఆమెకు ఆ పేరు పడింది. పెట్టినవాడు ఒక పత్తి రైతు. ఊళ్ళో అందరూ ఆయన్ని మీసాలాయన అనేవారు.

ఆ వేళ ఆమె ఆయన చేలో మోకాళ్ళ మీద కూర్చుని, ఆకుల్ని ఒక్కొక్కటిగా తిప్పి భూతద్దంతో చూస్తోంది. మీసాలాయన గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. తర్వాత ఉండబట్టలేక అడిగాడు.

“ఏమ్మా, ఏమన్నా పారేసుకున్నావా?”

“లేదండీ. పురుగుల్ని లెక్కపెడుతున్నా.”

“లెక్కపెడితే చస్తాయా?”

పక్క చేలోవాళ్ళు పకపకా నవ్వారు. ఆమెకు చెవులు వేడెక్కాయి. అయినా లేవలేదు. ఒక ఆకు తుంచి ఆయన అరచేతిలో పెట్టి, భూతద్దం ఆయనకే ఇచ్చింది. ఆకు అడుగున రసం పీల్చే పేనుబంక గుంపుగా పట్టి ఉంది. దాని మధ్య ఒక అక్షింతల పురుగు తాపీగా తింటూ తిరుగుతోంది.

“ఇది మీ మనిషేనండీ. పొద్దుటినుంచి మీ పనే చేస్తోంది. ఇప్పుడు మందు కొడితే ముందు చచ్చేది ఇదే.”

మీసాలాయన చాలాసేపు చూశాడు. భూతద్దం తిరిగిచ్చి, “మనుషులకి డాక్టర్లు దొరక్క మేం చస్తుంటే పురుగులకి డాక్టరమ్మని పంపించారు” అన్నాడు. ఆ సాయంత్రానికే ఆ మాట ఊరంతా పాకింది.

వ్యవసాయ శాఖలో ఆమెది విస్తరణ విభాగం. పరిశోధనా కేంద్రంలో తేలిన సంగతిని రైతు చెవిన వెయ్యాలి, రైతు పడే ఇబ్బందిని తీసుకెళ్ళి కేంద్రం చెవిన వెయ్యాలి. చెప్పుకోవడానికి ఇంతే. తీరా చెయ్యబోతే ఆ రెండు చెవులూ ఒకేసారి తెరిచి ఉండవు.

ఆఫీసంటే విత్తనాల గోదాము వెనక రెండు గదులు. విత్తనశుద్ధి మందు ఘాటుకి అక్కడ ఎవరికీ ఆకలి వేసేది కాదు. ఆమెకు ముందు ఆ ఆఫీసులో ఆడవాళ్ళు పనిచెయ్యలేదు. పై అధికారి మంచివాడే. “నువ్వు హాయిగా ఫ్యాను కింద కూర్చుని రిపోర్టులు చూసుకోమ్మా, ఊళ్ళకి మగవాళ్ళు తిరుగుతారు” అన్నాడు.

“నేను చదువుకుంది పంటల గురించి సార్” అంది ఆమె. ఆయన తల గోక్కుని, మూల పడి ఉన్న ఒక పాత మోపెడ్ తాళం ఇప్పించాడు.

ఆ మోపెడ్ మీద కాలికి బలపం కట్టుకుని తిరిగింది. మొదట్లో ఏ ఊరు వెళ్ళినా రైతులు ఆమె వెనక్కి చూసి, “సారు ఇంకా రాలేదా?” అనేవారు. మీటింగు పెడితే కుర్చీల్లో పిల్లలు, గోడ నీడన కుక్కలు. ఆమె కుక్కలకు కూడా చెప్పేది. ఒకసారి ఖాళీ కుర్చీల ముందు మొక్కజొన్న ఎరువుల మోతాదు మొదటినుంచి చివరిదాకా చెప్పి ముగించగానే, గోడ అవతల బీడీ కాల్చుకుంటున్న ముసలాయన “రెండో మాటు ఎరువు ఎప్పుడన్నావమ్మా?” అని అరిచి అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె వారం రోజులు బతికింది.

మీసాలాయన మాత్రం ఆ యేడు చేలో ఒక మూలని ఆమెకు వదిలాడు. “ఇది నీ ముక్క. నువ్వు చెప్పినట్టే చేస్తా. పాడైతే ఊరందరికీ చూపిస్తా, బాగుంటే నోరు మూసుకుంటా.” పంట చేతికొచ్చాక ఆయన నోరు మూసుకున్నాడు. ఆమెకు అంతకన్నా పెద్ద మెప్పు ఉద్యోగంలో మళ్ళీ దొరకలేదు.

ఆ మరుసటి సంవత్సరం ఆమెకు పెళ్ళయింది. భర్త పట్నంలో ఒక ఎయిడెడ్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఆ స్కూలు ఒక్కటే, వాళ్ళకు బదిలీలు ఉండవు. ఈమెను ఏ ఊళ్ళోనూ మూడేళ్ళకు మించి ఉంచరు. పట్నం పక్కకి వేయించుకుందామని ఇద్దరూ అనుకున్నారు. అర్జీలు పెట్టారు. ఆ పక్కకి ఒకసారి వచ్చింది కూడా, కానీ ఆరు నెలలకే మళ్ళీ ఎత్తేశారు. పిల్లలు పుట్టలేదు. ఆ బాధ వారం పొడుగునా ఎవరి ఊళ్ళో వాళ్ళు పడ్డారు.

శనివారం సాయంత్రం బస్సుకు ఆమె వచ్చేది. మాస్టారు బస్టాండులో, టీ కొట్టు పక్కన అదే స్తంభానికి ఆనుకుని నిలబడి ఉండేవాడు. ఆదివారమంతా ఇద్దరూ ఇంట్లోనే. ఆమెకు ఇష్టమని ఆయన వంట నేర్చుకున్నాడు. సోమవారం తెల్లవారకముందే ఆయన టీ కాచి ఫ్లాస్కులో పోసి ఇస్తే, మొదటి బస్సు ఎక్కేది. చుట్టాలు వాళ్ళ కాపురాన్ని చూసి ముచ్చటపడేవారు. “ఒక్కనాడన్నా మాటా మాటా అనుకున్నారా! చిలకా గోరింకలు” అనేవారు. ఆ మాటకు ఆమె నవ్వి ఊరుకునేది. ఆరు రోజులు ఎదురుచూసిన మనిషితో ఆదివారం నాడు ఎవరు పోట్లాడతారు?

మిగతా రోజుల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మూడేళ్ళకో ఊరు, ఊరికో గది. ఒక మంచం, ఒక స్టవ్, ఒక బకెట్, కిటికీలో అలారం గడియారం. ఇంటావిడ తాళం చేతికిస్తూ, “ఒక్కదానివేనా అమ్మా?” అని ఎగాదిగా చూసేది. ఏ చేను నీటిని నిలుపుతుందో, ఏ చేను తాగేస్తుందో మొదటి సంవత్సరంలోనే ఆమెకు తెలిసిపోయేది. సాయంత్రం ఎవరింటికి వెళ్ళి కూర్చోవచ్చో మూడో సంవత్సరానికి కూడా తెలిసేది కాదు. అది తెలిసొచ్చే వేళకు బదిలీ. కొత్త ఊళ్ళో మళ్ళీ “సారు ఇంకా రాలేదా?” దగ్గర మొదలు.

ఒక యేడు వానలు మొహం చాటేశాయి. ఒక రైతు భార్య ఎండిన వేరుశనగ మొక్కను వేళ్ళతో సహా పీకి పట్టుకొచ్చి, “ఇప్పుడేం చెయ్యమంటారు మేడమ్?” అని అడిగింది. ఆమె దగ్గర అన్నిటికీ జవాబులుండేవి. ఈసారి మాత్రం “నాకు తెలీదమ్మా” అంది. ఆవిడ కోప్పడలేదు. ఆ మొక్కను అక్కడే పడెయ్యకుండా మళ్ళీ చేతిలోనే పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ శనివారం బస్సులో పట్నం చేరేదాకా ఆమె కళ్ళ ముందు అదే చెయ్యి. మాస్టారు “ఏమోయ్, అలా ఉన్నావేం?” అన్నాడు. “బస్సులో కుదుపులు” అంది. ఉన్నది ఒక్క రోజు, దాన్ని కూడా పాడుచెయ్యడం దేనికని.

ఇంకొన్నేళ్ళ తర్వాత మీసాలాయన ఊరి ఆఫీసుకే మళ్ళీ వేశారు. ఈసారి పెద్ద హోదా. ఆమెను పలకరించడానికి అందరికన్నా ముందు లద్దెపురుగు వచ్చింది. దండు కదిలినట్టు ఒక చేను తినేసి రోడ్డు దాటి ఇంకో చేలోకి పాకేది. రోడ్డు మీద బండ్ల చక్రాలు జారేవి. ఊరూరా చేల చుట్టూ కందకాలు తవ్వించింది. తవుడులో బెల్లం, మందు కలిపి ఉండలు చేయించి గట్ల వెంట పెట్టించింది. ఒకడు తవ్వి పక్కవాడు తవ్వకపోతే ప్రయోజనం లేదు. అందుకని ఇల్లిల్లూ తిరిగి బతిమాలింది, కసిరింది, గొంతు పోయేదాకా అరిచింది. శనివారాలు వచ్చి వెళ్ళిపోయాయి. గోదాము మేడ మీద గదిలోనే ఉండిపోయింది. రాలేనని మాస్టారికి ఆఫీసు ఫోనులో చెప్పేది. “సరేలే, పని చూసుకో” అనేవాడు ఆయన.

ఒక ఆదివారం పొద్దు వాలాక చేలనుంచి తిరిగొస్తే, గది గడియకి గుడ్డసంచీ వేలాడుతోంది. అందులో భోజనం డబ్బా. మూత తీసి చూడగానే ఎవరి వంటో తెలిసింది. కిందకి పరిగెత్తింది. గోదాము కాపలావాడు అన్నాడు: “మధ్యాహ్నం బస్సులో ఒకాయన వచ్చారమ్మా. మెట్ల మీద చాలాసేపు కూర్చున్నారు. ఆఖరి బస్సుకి వెళ్ళిపోయారు. ఎవరు మీకు?”

“మా ఇంటాయన” అంది.

ఆ తర్వాతి వారం బస్టాండులో ఆయన అదే స్తంభం దగ్గర ఉన్నాడు. “వస్తున్నానని ముందే చెప్పొచ్చుగా?” అంది. “ఊరికే వచ్చాలే. చల్లారిపోయిందా?” అన్నాడు. చల్లారలేదని ఆమె అబద్ధం చెప్పింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత కాలం గబగబా జరిగింది. మోపెడ్ పోయి జీపు వచ్చింది. జీపు దిగే వేళకు మోకాళ్ళు పట్టేసేవి. రైతులు ఆకు ఫొటో తీసి ఫోనులో పంపడం మొదలుపెట్టారు. ఆఫీసులో పలకలాంటి టాబ్లెట్లు ఇచ్చారు. పొలానికి వెళ్ళినా వెళ్ళకపోయినా అందులో గళ్ళు నిండితే చాలు. రిటైరైన రోజు ప్లాస్టిక్ కుర్చీల మధ్య ఉపన్యాసాలయ్యాక, పచ్చని పొలం ఫొటో ఒకటి ఫ్రేము కట్టించి ఇచ్చారు. ఆమె దాన్ని దగ్గరగా చూసి, “ఈ పొలానికి జింకు లోపం ఉందండీ” అంది. అందరూ విరగబడి నవ్వారు. ఆమె సరదాకి అనలేదు.

మాస్టారు అంతకు ముందే రిటైరయ్యాడు. పట్నంలో ఇల్లు ఆయన కట్టించిందే, ఆమె ఆదివారాల్లో చూసి బాగుందన్నదే. ఇప్పుడు ఆ ఇంట్లో ఏడు రోజులూ ఉండాల్సి వచ్చింది.

గరిటెలు ఎక్కడుంటాయో ఆమెకు తెలియదు. ఏ కుళాయిని గట్టిగా తిప్పాలో, ఏ తలుపు కాస్త ఎత్తి మూయాలో తెలియదు. ఆయనకు పొద్దున్నే రేడియో, తర్వాత పేపరులో గళ్ళ నుడికట్టు, ముగ్గురు స్నేహితులతో నడక, మధ్యాహ్నం కునుకు. అన్నీ ఒక్క మనిషికి సరిపడా కొలిచినట్టు ఉండేవి. ఆమె వంటింట్లోకి వెళ్తే, “నువ్వు కూర్చోవోయ్, నేను చేస్తాగా” అనేవాడు. “టీ తాగుతావా?” అని అడిగేవాడు. మర్యాదగానే అడిగేవాడు. వచ్చినవాళ్ళని ఎవరైనా అలాగే అడుగుతారు.

మొదటి సోమవారం తెల్లవారకముందే ఆమెకు మెలకువ వచ్చింది. అలవాటు చొప్పున చీర మార్చుకుని, జడ వేసుకుని, సంచీ కోసం చెయ్యి చాపింది. అప్పుడు గుర్తొచ్చింది. ముందు గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. వంటింట్లో చప్పుడైంది. మాస్టారు ఫ్లాస్కు మూత బిగిస్తూ బయటికి వచ్చి, ఆమెను చూసి ఆగిపోయాడు. ఆయనకీ అప్పుడే గుర్తొచ్చినట్టుంది. ఇద్దరూ ఆ టీని ఫ్లాస్కులోంచే వంచుకుని తాగారు. దూరంగా మొదటి బస్సు హారన్ వినిపించింది.

వీధిలో ఆమెను ‘మాస్టారి భార్య’ అనేవారు. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు. ఒకరోజు ఎదురింటి ప్రహరీ మీదుగా వాలిన నిమ్మకొమ్మ ఆకులు ముడతపడి ఉంటే ఆగి చూసింది. ఆ ఇంటావిడ తలుపు తీసి, “ఏం కావాలండీ?” అంది. “ఆకుముడత... ” అని మొదలుపెట్టి, ఆవిడ మొహం చూసి, “ఏం లేదండీ” అని వచ్చేసింది. వేల మందికి అడక్కుండానే చెప్పిన మనిషికి ఆ వేళ నోరు రాలేదు.

నెలలు గడిచాయి. ఇంట్లో మాటలు తగ్గాయి. అన్నం తింటున్నప్పుడు ప్లేట్ల చప్పుడు పెద్దగా వినిపించేది. చివరికి ఒక మధ్యాహ్నం, ఆయన కిటికీలో పెంచుకుంటున్న తులసి కుండీని ఆమె ఎండ ఎక్కువగా ఉండే చోటికి జరిపిందని గొడవ మొదలైంది.

“నువ్వు అడగవోయ్. చెప్తావు, చేసేస్తావు. రైతులతో కూడా ఇలాగే ఉండేదానివా?”

“రైతులు ఎదురు చెప్పేవాళ్ళు. నన్ను తిట్టేవాళ్ళు కూడా. మీరేమో టీ తాగుతావా అంటారు.”

“టీ అడగడం కూడా తప్పేనా?”

“నేను మీ ఇంటికి చుట్టపుచూపుగా రాలేదండీ!”

ఆమె గొంతుకి గోడ మీది పిల్లి దూకి పారిపోయింది. ఇద్దరూ రొప్పుతూ నిలబడ్డారు. ఇంత పెద్ద వయసులో, పెళ్ళయిన ఇన్నేళ్ళకి, అది వాళ్ళ మొదటి పోట్లాట. ఎలా ఆపాలో ఇద్దరికీ తెలియలేదు.  చీకటి పడుతుండగా ఆయనే అన్నాడు: “నువ్వు తిరిగిన ఊళ్ళు ఒక్కటీ నేను చూడలేదు. ఒకటి చూపించు.”

మీసాలాయన ఊరికి వెళ్ళారు. బస్సు దిగిన చోటు ఆమె పోల్చుకోలేకపోయింది. రోడ్డు రెండింతలైంది. పత్తి చేలున్న వైపు రాళ్ళు పాతి, ఇళ్ళ స్థలాలకు గీతలు గీశారు. గోదాము ఉంది కానీ దానికి ఇనుప షట్టర్లు వేసి సిమెంటు బస్తాలు పెట్టుకున్నారు. దాని ఎదురుగా ఒక ఎరువుల దుకాణం. కౌంటర్ వెనక నడివయసు ఆవిడ. మీసాలాయన గురించి అడిగితే, “మా మామగారేనండీ. పోయి చాలా యేళ్ళయింది. మీరెవరు?” అంది.

ఆమె తటపటాయించి, “నన్ను పురుగుల డాక్టరమ్మ అనేవారు” అంది.

ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. “మీరేనా? నేను ఎప్పుడూ చూడలేదు, నా పెళ్ళి నాటికే మీరు వెళ్ళిపోయారట. మీరు ఇంకా పొడుగ్గా ఉంటారనుకున్నానండీ!” స్టూళ్ళు వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. “అబ్బ, మా మామగారి చాదస్తం ఇంతా అంతా కాదు. ఆకు తిప్పి చూడందే మందు డబ్బా ముట్టుకోనిచ్చేవారు కాదు. మీరు చెప్పారని. మా ఆయనకీ ఆయనకీ రోజూ దాని మీదే రగడ.”

“ఇప్పుడు?” అంది ఆమె.

“ఇప్పుడు ఎవరికి తీరుతుందండీ? ఉన్న కాస్త చేనుకీ డ్రోన్ పిలిపిస్తాం. టీ తాగేలోపు కొట్టేసి పోతుంది.” తర్వాత ఏదో తోచినట్టు, “ఏమీ అనుకోకండి” అంది.

“అయ్యో, అనుకోడానికేముంది” అంది ఆమె. నిజంగానే కోపం రాలేదు. ఒక మనిషి బతికినన్నాళ్ళు తన మాట బతికింది. అది చాలా, తక్కువా అన్నది ఆమె తేల్చుకోలేకపోయింది.

తిరుగు బస్సుకి ఇంకా వ్యవధి ఉంది. గోదాము మెట్లు మాత్రం మార్చలేదు. మాస్టారు వెళ్ళి మూడో మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంది.

“ఆ రోజు ఇక్కడే కూర్చున్నా” అన్నాడు.

“నేను చేలో ఉన్నానని ఎవరూ చెప్పలేదా?”

“చెప్పారు. వెళ్ళాను కూడా. గట్టు దాకా వచ్చి ఆగిపోయా.”

ఆమె తల తిప్పి చూసింది. ఇది ఆమెకు కొత్త సంగతి.

“చుట్టూ చాలామంది ఉన్నారు. నువ్వు కందకంలో దిగి, చీర దోపుకుని, ఎవర్నో కేకలేస్తున్నావు. వాడు నవ్వుతున్నాడు, నువ్వూ నవ్వుతున్నావు. ఒళ్ళంతా మట్టి. ఆ మనిషి నాకు అసలు పరిచయం లేదనిపించింది. నా దగ్గరికి శనివారం వచ్చే మనిషి నెమ్మదిగా ఉంటుంది, గొంతెత్తదు. నేను పిలిస్తే నువ్వు మళ్ళీ ఆవిడవైపోతావు. ఎందుకులే అని డబ్బా తగిలించి వచ్చేశా.”

“పిలిచి ఉంటే బాగుండేదండీ.”

“ఏమో. నాకు భయం వేసింది.”

“నాకు శనివారాలంటే భయంగా ఉండేది. అలసిపోయి వచ్చానని తెలిస్తే ఉద్యోగం మానెయ్యమంటారేమోనని.”

“అనేవాణ్ణేమో” అన్నాడు ఆయన నిజాయితీగా.

బస్సు వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. సిమెంటు బస్తాలు దింపుతున్నవాళ్ళు వాళ్ళని పక్కకి జరగమన్నారు. జరిగారు.

ఆ ప్రయాణంతో అన్నీ చక్కబడ్డాయని చెప్పడానికి లేదు. పోట్లాడుకోవడం మాత్రం చేతనైంది. తులసి కుండీ ఒక వారం ఆమె పెట్టిన చోట, ఒక వారం ఆయన పెట్టిన చోట ఉంటోంది. మిగతా పొద్దంతా ఎవరి మౌనం వాళ్ళది. దాన్ని నింపడానికి ఇద్దరి దగ్గరా కలిసి బతికిన రోజులు తక్కువ. జ్ఞాపకం చేసుకుందామన్నా ఆదివారాలే వస్తాయి. ఆదివారాలన్నీ ఒకేలా ఉంటాయి.

ఆమె ఇప్పుడు రోజూ పొద్దున్నే కూరగాయల హోల్‌సేల్ మార్కెట్టుకి నడిచి వెళ్తుంది. లారీలు, ఆటోలు ఆగే చోట, బుట్టలు దింపుతున్న రైతుల మధ్య నిలబడుతుంది. వాళ్ళ కంగారు వాళ్ళది. చాలామంది ఆమెను కొనడానికి వచ్చిన మనిషనుకుని ధర చెప్పేసి తల తిప్పుకుంటారు. మొన్న ఒకతను మాత్రం టమాటా బుట్ట దించి, చెమట తుడుచుకుంటుంటే, ఆమె ఒక పండు తీసి అడుగున నల్లమచ్చ చూసింది.

“మీది నల్లరేగడా, ఎర్రమట్టా?” అని అడిగింది.

అతను తల ఎత్తి చూశాడు. “ఎర్రదేనండీ. ఏం?”

“నీళ్ళు ఎన్నాళ్ళకోసారి కడుతున్నారు?”

“కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే. ఒకసారి ముంచేస్తాం, ఒకసారి ఎండగడతాం” అని నవ్వాడు. “మీకూ పొలముందా?”

“లేదు” అంది ఆమె. నీళ్ళు ఒక పద్ధతిలో కడితే ఆ మచ్చ రాదన్న మాట గొంతు దాకా వచ్చింది. ఇంతలో వెనకనుంచి ఆటోవాడు హారన్ మోగించాడు. అతను ఖాళీ బుట్టలు ఎత్తుకుని, “వస్తానండీ” అంటూ ఆటోలోకి ఎగిరి కూర్చున్నాడు.

ఆమె అక్కడే నిలబడి, కమీషన్ దుకాణంవాడి చేత ఆ టమాటాలే కొన్ని తూకం వేయించుకుంది.

ఇంటికొచ్చేసరికి మాస్టారు రేడియో తగ్గించి సంచీలోకి తొంగి చూశాడు.

“మళ్ళీ టమాటాలా?”

“మళ్ళీ టమాటాలే.”

“నిన్నటివే అలా ఉన్నాయోయ్.”

“ఉండనివ్వండి” అంది. ఆయన ఇంకేమీ అనకుండా కత్తీ పళ్ళెమూ తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె ఎదుటి కుర్చీలో కూర్చుని, కుళ్ళినవి ఒక పక్కకి, మంచివి ఒక పక్కకి ఏరడం మొదలుపెట్టింది.